బొటనవేలి బుడిపె - చిన్న గాటు ఆపరేషను



ఈవేళ కాలి బొటనవేలిని గురించి నాలుగు మాటలు ముచ్చటించుకుందాం. ముఖానికీ జుట్టుకూ ఉన్నంత గౌరవం మన ఇళ్లలో కాలికి లేదు. పండుగనాడు పసుపు రాసినప్పుడు తప్ప దానివంక తేరిపార చూసే తీరిక మనకు ఉండదు. అలా చూసినప్పుడే కొందరికి కనిపిస్తుంది - బొటనవేలి మొదట్లో, రెండు పాదాలూ ఒకదానికొకటి ఎదురుగా ఉండే వైపున, ఎముక బుడిపెలాగా పొడుచుకుని వచ్చి ఉంటుంది. వేలేమో నిటారుగా ఉండక పక్కవేలి మీదికి ఒరిగిపోయి ఉంటుంది. మీకే ఉండవచ్చు. లేదా మీ అమ్మగారికో అత్తగారికో ఉండవచ్చు.

ఇంగ్లీషులో దీన్ని బనియన్ అంటారు. వినగానే మగవాళ్లు తొడుక్కునే బనీను గుర్తుకొచ్చి నవ్వు వస్తుంది కాని, రెంటికీ ఏ సంబంధమూ లేదు. డాక్టర్లు చీటీ మీద రాసే పేరు హాలక్స్ వాల్గస్. హాలక్స్ అంటే కాలి బొటనవేలు, వాల్గస్ అంటే బయటివైపుకు ఒరిగినది అని. మనలో ఒక్కొక్కరు ఒక్కొక్క మాట అంటారు. కణుపు అనేవారున్నారు, ఎముక పెరిగిందనేవారున్నారు, ఆనెకాయ అనేవారూ ఉన్నారు. నేను బుడిపె అంటాను.

పేరులో ఏముందిలే అనుకోకండి. ఆనెకాయ అనుకున్నవారు మందుల షాపుకు వెళ్లి ఆనెల పట్టీ తెచ్చి అంటిస్తారు. ఆ పట్టీలో ఉండేది చర్మాన్ని కరిగించే సాలిసిలిక్ ఆమ్లం. ఆనె చర్మానికి సంబంధించినది కనుక దానికి పనిచేస్తుంది. ఈ బుడిపె కీలుకు సంబంధించినది. పైన ఎన్ని పట్టీలు వేసినా లోపలి ఎముక కరగదు, పైనున్న మంచి చర్మం మాత్రం కాలుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారికైతే అదే మానని పుండుకు మొదలు కావచ్చు. ఇక ఉన్నట్టుండి రాత్రికి రాత్రే అదే చోట ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వచ్చిందంటే అది గౌటు అనే వేరే జబ్బు కావచ్చు. రక్తంలో యూరిక్ ఆమ్లం ఎక్కువైనప్పుడు వస్తుంది. దానికి మందులు వేరు. కాబట్టి ముందు చేయవలసింది అది ఏమిటో డాక్టరుగారి చేత చెప్పించుకోవడం.

ఎముక పెరిగింది అనే మాట కూడా నిజం కాదు. చాలామందిలో అక్కడ కొత్తగా పెరిగినదేమీ ఉండదు. బొటనవేలికి వెనక, పాదంలో ఒక పొడుగాటి ఎముక ఉంటుంది. అది మెల్లమెల్లగా లోపలి అంచువైపు జరుగుతుంది. దాని కొనన ఉన్న వేలేమో అందుకు ఎదురువైపు, పక్కవేళ్ల మీదికి వాలుతుంది. పందిరి రాట ఒక పక్కకు ఒరిగితే దానిమీది వాసం ఇంకో పక్కకు వాలినట్టన్నమాట. రెండూ కలిసే మూల బయటికి పొడుచుకొస్తుంది. మనం బుడిపె అనుకునేది ఆ మూలే. వేలికీ ఆ పొడుగు ఎముకకూ మధ్య 15 డిగ్రీల దాకా వంపు ఉండడం మామూలే. అది దాటితే వంకర అంటారు. 40 దాటితే బాగా ముదిరినట్టు. ఒకసారి వాలడం మొదలయ్యాక వేలిని లాగే నరాల్లాంటి స్నాయువులు వింటినారిలా బిగుసుకుని వేలిని ఇంకా అటే లాగుతాయి. అందుకే ఇది తనంతట తాను వెనక్కు పోదు.

ఎందుకు వస్తుందంటే, కొంత వంశం, కొంత చెప్పు. 2010లో ప్రపంచంలోని చాలా పరిశోధనలను కలిపి చూసిన ఒక లెక్కలో 18 నుంచి 65 ఏళ్ల లోపువారిలో నూటికి 23 మందికి, 65 దాటినవారిలో నూటికి 35 మందికి పైగా ఇది ఉన్నట్టు తేలింది. ఆడవారిలో నూటికి 30, మగవారిలో 13. చెప్పుల మాటకొస్తే, 1958లో హాంకాంగులో ఇద్దరు డాక్టర్లు బూట్లు తొడిగే చైనావారి పాదాలనూ, వట్టికాళ్లతో తిరిగేవారి పాదాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. బూట్లవారిలో నూటికి 33 మందికి వేలు ఒరిగి ఉంది. వట్టికాళ్లవారిలో నూటికి ఇద్దరికి కూడా పూర్తిగా లేదు. ఇంతకంటె వివరంగా ఎవరు చెప్పాలి?

అయితే మీరు అడగవచ్చు, మా అమ్మమ్మ జన్మలో బూటు తొడగలేదు, మరి ఆవిడకెందుకు వచ్చిందని. అది వంశంలో వచ్చిన పాదపు తీరు. కీళ్లు వదులుగా ఉండడం, పాదం చదునుగా ఉండడం కూడా తోడవుతాయి. అలాంటి పాదం ఉన్న మన ఆడపిల్లలు ఇప్పుడు మునుపు ఎరగని ముక్కుసూది బూట్లలో, ఎత్తు మడమలతో ఎనిమిదేసి గంటలు ఉద్యోగాలు చేస్తున్నారు. బరువంతా ముందుకు జారి వేళ్ల మీద పడుతుంది, వేళ్లకేమో చోటుండదు. ఇది మీ పాదమో కాదో చూసుకోవాలంటే ఒక తెల్లకాగితం మీద సాయంత్రం పూట వట్టికాలితో నిలబడి పాదం చుట్టూ పెన్సిలుతో గీయండి. ఆ గీత మీద మీ చెప్పును పెట్టి చూడండి. గీత బయట కనబడుతోందంటే ఆ చెప్పు మీ కాలిది కాదు. సాయంత్రం అని ఎందుకన్నానంటే, పొద్దుటికంటె సాయంత్రానికి పాదం కొద్దిగా ఉబ్బుతుంది.

వెడల్పు చెప్పు, మెత్తని అడుగు, బుడిపె మీద రాపిడి లేకుండా చిన్న మెత్త, నొప్పి ఎక్కువైనప్పుడు ఐసుముక్క గుడ్డలో చుట్టి పెట్టుకోవడం - చాలామందికి ఇంతటితో సరిపోతుంది. వేళ్ల మధ్య పెట్టుకునే రబ్బరు ముక్కలూ, రాత్రిపూట కట్టుకునే పట్టీలూ అమ్ముతారు. వాటితో కొంత హాయి ఉంటే వాడుకోండి, తప్పు లేదు. కాని వాటివల్ల పెద్దవాళ్ల ఎముక తిన్నగా అవుతుందని ఎవరైనా చెబితే మాత్రం డబ్బు కొంగున ముడివేసుకుని ఇంటికి వచ్చేయండి.

నొప్పి లేకపోతే ఆపరేషను అవసరం లేదు. ఇది గట్టిగా చెబుతున్నాను. ఎందుకంటే పెళ్లి ఫోటోల్లో కాలు బాగుండదని ఆపరేషను అడిగేవాళ్లు ఉన్నారు. ఎముకను కోసే పని అందం కోసం చేయించుకునేది కాదు. చెప్పు మార్చినా, మందు వేసినా తగ్గని నొప్పితో నడక తగ్గిపోతున్నప్పుడు, రెండోవేలు బొటనవేలి మీదికెక్కి పుండు పడుతున్నప్పుడు ఆ ఆలోచన చేయాలి. అందం కోసం చేసే శస్త్రచికిత్సలకు ఆరోగ్య బీమా పాలసీలు మామూలుగా డబ్బు ఇవ్వవు కూడా. కనుక నొప్పి ఎంతకాలంగా ఉన్నదీ, ఏ పని చేయలేకపోతున్నదీ డాక్టరుగారి కాగితాల్లో మొదటినుంచీ రాయించుకోవడం మంచిది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ బుడిపెకు ఆపరేషను కొత్తది కాదు. నూరుకు పైగా రకాలున్నాయంటారు. ఏ జబ్బుకైనా అన్ని రకాల ఆపరేషన్లున్నాయంటే, ఏ ఒక్కటీ అందరికీ సరిపోలేదని అర్థం చేసుకోవచ్చు. మొదట్లో పొడుచుకొచ్చిన మూలను చెక్కివేసి ఊరుకునేవారు. వాలిన రాట వాలినట్టే ఉండగా మూలను చెక్కితే ఏం లాభం? మళ్లీ పొడుచుకొచ్చేది. 1904లో అమెరికాలో కెల్లర్ అనే సైన్యపు డాక్టరు కీలులో కొంత భాగాన్ని తీసివేసే పద్ధతి రాశాడు. 1925లో ఏకిన్ అనే ఆయన వేలి ఎముకలోంచి చీలికలాంటి ముక్కను తీసి వేలిని తిన్నగా చేసే పద్ధతి చెప్పాడు. 1934లో లాపిడస్ పాదం మధ్యనున్న కీలును అతికించివేసే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాడు. ఆ తర్వాత పొడుగు ఎముకను దాని మెడ దగ్గర ఇంగ్లీషు వి అక్షరంలా కోసి, తలను పక్కకు జరిపి నిలిపే షెవ్రాన్ పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. వీటికి పాదం అంచున చర్మాన్ని పొడుగ్గా తెరవాలి. తెరిచి, ఎముకను కళ్లారా చూస్తూ కోస్తారు.

చిన్న గాట్లతో చేసే పద్ధతికి కూడా చరిత్ర ఉంది. 1940ల్లోనే అమెరికాలో పాదాల వైద్యులు చర్మం కిందనుంచి చిన్న పరికరంతో ఎముకను చెక్కే ప్రయత్నాలు చేశారు. ఐషమ్ అనే ఆయన 1991లో తన పద్ధతిని ప్రకటించాడు. స్పెయినులో డి ప్రాడో, ఆస్ట్రియాలో బోష్ తమ తమ దారుల్లో దీన్ని ముందుకు తీసుకువెళ్లారు. ఆ రోజుల్లో కోసిన ఎముకను పట్టి ఉంచడానికి కొందరు కట్టునే నమ్ముకునేవారు, కొందరు ఒక తీగను గుచ్చి కొన్ని వారాలుంచేవారు. ఎముక అనుకున్నచోట నిలవకపోవడం ఒక ఇబ్బంది. బ్రిటనులో వైద్యపద్ధతుల మంచిచెడ్డలు తూచే నైస్ అనే సంస్థ 2010లో, దీన్ని గురించి ఆధారాలు చాలినంత లేవు, రోగికి అన్నీ వివరించి ప్రత్యేక జాగ్రత్తలతో మాత్రమే చేయండి అని చెప్పింది. అది అప్పటి మాట. ఆ తర్వాతి పదేళ్లలో పరికరం మెరుగైంది, ఎముకను లోపలే బిగించే ప్రత్యేకమైన స్క్రూలు వచ్చాయి. ఇప్పుడు ఎక్కువమంది చేస్తున్నది పాత షెవ్రాన్, ఏకిన్ పద్ధతులనే చిన్న గాట్లలోంచి చేయడం. అంటే ఎముకకు చేసే పని పాతదే, లోపలికి వెళ్లే దారి కొత్తది.

ఎలా చేస్తారో చెబుతాను, వింటే భయం తగ్గుతుంది. చాలాసార్లు పూర్తి మత్తు అక్కర్లేదు. చీలమండ దగ్గర ఇంజక్షన్లు ఇచ్చి పాదం వరకు మొద్దుబారేటట్టు చేస్తారు, కావాలంటే కాస్త నిద్రమందు ఇస్తారు. చర్మం మీద మూడు నుంచి అయిదు మిల్లీమీటర్ల గాట్లు కొన్ని పెడతారు. మన కందిగింజ పొడుగన్నమాట. అందులోంచి పళ్లున్న సన్నని పరికరాన్ని పంపిస్తారు. పంటి డాక్టరు పన్ను తొలిచే యంత్రం మీకు తెలుసుగా, దానికి అన్న వరస. అయితే ఇది మెల్లగా, బలంగా తిరుగుతుంది. వేగంగా తిరిగితే పుట్టే వేడికి ఎముకా చర్మమూ కాలుతాయి. అందుకే తిరుగుతున్నంతసేపూ సెలైన్ నీళ్లు పోస్తూ చల్లబరుస్తూ ఉంటారు.

లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడదు కనుక పక్కనే ఎక్స్‌రే తెర ఉంటుంది. దాన్ని చూస్తూ పొడుగు ఎముకను మెడ దగ్గర కోసి, తలను పక్కకు నెట్టి, ఒకటో రెండో స్క్రూలు బిగిస్తారు. అవసరమైతే వేలి ఎముకను కూడా కొంచెం కోసి తిన్నగా చేసి ఇంకో స్క్రూ పెడతారు. గాట్లకు ఒక్కొక్క కుట్టు. పైన వేలిని కొత్త చోట పట్టి ఉంచేలా కట్టు. చాలామంది ఆ రోజే ఇంటికి వచ్చేస్తారు, గట్టి అడుగున్న ప్రత్యేకమైన చెప్పు తొడుక్కుని నడిచి మరీ వస్తారు.

సరిగ్గా ఈ నడిచి రావడం దగ్గరే నా బాధంతా.

మాకు తెలిసిన ఒక ఇల్లాలు ఉంది, యాభైకి దగ్గర పడిన మనిషి. ఏళ్ల తరబడి బొటనవేలి నొప్పి భరించి భరించి చివరికి ఈ చిన్న గాటు ఆపరేషను చేయించుకుంది. ఆసుపత్రివారి కాగితంలో పెద్ద అక్షరాలతో ఉంది, అదేరోజు నడక అని. నిజంగానే అదేరోజు నడిచి ఇంటికి వచ్చింది. చూడబోయినవాళ్లందరికీ గాట్లు చూడాలని సరదా. కట్టు ఉంది కనుక కనబడలేదు గాని, అంతా కలిపి కందిగింజంత అని తెలిసి ముక్కున వేలేసుకున్నారు. ఇంటి వాళ్లకు ధైర్యం వచ్చింది. నాలుగో రోజున ఆమె తోడికోడలు, వంట చేసిపెట్టడానికి వచ్చినావిడ, తన ఊరు వెళ్లిపోయింది. పదకొండో రోజు వరలక్ష్మీ వ్రతం. అత్తగారు మంచిమనిషే, కోడల్ని బాధపెట్టే రకం కాదు. "డాక్టరే నడవమన్నాట్ట కదుటమ్మా, మెల్లగా చేసుకో, మనకేం తొందర లేదు" అంది. తొమ్మిది రకాల పిండివంటలు మెల్లగా చేసుకుంటే ఎంతసేపవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున నాలుగింటికి నిలబడిన మనిషి వాయనాలిచ్చే వేళకు కూర్చుంది. మడీ పూజా కనుక ఆ ప్రత్యేకమైన చెప్పును వంటింటి గుమ్మం అవతలే విడిచింది.

ఆ రాత్రికి పాదం పూరీలా పొంగింది. మర్నాడు ఎక్స్‌రే తీస్తే కోసిన ఎముక పెట్టినచోటునుంచి కొంచెం జరిగి ఉంది. డాక్టరుగారు తల పట్టుకుని, "అమ్మా, నేను నడవమన్నది మంచం దగ్గర్నుంచి బాత్రూము దాకా, అక్కడ్నుంచి భోజనాల బల్ల దాకా" అన్నారట. అదృష్టం కొద్దీ మళ్లీ కోయవలసిన పని పడలేదు. ఆరువారాల్లో విడవవలసిన చెప్పును మూడునెలలు తొడిగింది. వేలు అనుకున్నంత తిన్నగా రాలేదు, నొప్పి మాత్రం తగ్గింది.

ఇందులో తప్పు ఎవరిదని తేల్చడం నా పని కాదు. నడవవచ్చు అన్నమాట అందరూ విన్నారు, ఎంతసేపు అని ఎవరూ అడగలేదు. గాటు కందిగింజంతే, కాని ఆ గాటు చర్మానిది. లోపల ఎముక మాత్రం పెద్ద ఆపరేషనులో తెగినట్టే తెగింది. చెయ్యి విరిగిన మనిషిని పదకొండో రోజున రోటి దగ్గర కూర్చోబెడతామా? కట్టు కనబడుతుంది కనుక కూర్చోబెట్టం. ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఆ గడువును గాటు సైజు తగ్గించలేదు. పెద్ద కోత పెట్టిన రోజుల్లో కనీసం కుట్లు చూసి ఇంట్లో వాళ్లు జాలిపడేవారు. కొత్త పద్ధతి ఆ జాలిని కూడా పట్టుకుపోయింది. అదేరోజు నడక అని అచ్చువేసే ఆసుపత్రులు ఆరువారాలు అన్నమాటను కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయాలని నా అభిప్రాయం.

రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చేసిన పరిశోధనల్లోనూ తేలింది దాదాపు ఇదే. చిన్న గాట్లవల్ల మొదటి వారాల్లో నొప్పి తక్కువ, మచ్చ తక్కువ. ఏడాది దాటాక చూస్తే రెంటికీ పెద్ద తేడా కనబడదు. మొదటి వారాల్లో నొప్పి తగ్గడం చిన్న మేలేమీ కాదు, నేను తీసిపారేయడం లేదు. కాని నొప్పి లేకపోవడమే మనల్ని లేపి వంటింట్లోకి నడిపిస్తుంది, అది గుర్తుంచుకోండి.

కనుక ఆపరేషను రోజు నిర్ణయించేముందు డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి. మీవారిని, వీలైతే అత్తగారిని, లేదా ఇంట్లో మాట చెల్లేవారిని తీసుకువెళ్లండి. ఎన్నాళ్లు ఎంతసేపు నిలబడవచ్చో వాళ్ల ఎదుటే అడగండి. మనం ఇంటికొచ్చి చెబితే అది మన సుకుమారం అవుతుంది, డాక్టరు నోట వింటే వైద్యమవుతుంది. మామూలుగా చెప్పేదేమంటే, మొదటి రెండువారాలూ మెలకువగా ఉన్న సమయంలో ఎక్కువభాగం పడుకునో ఒరిగి కూర్చునో పాదాన్ని గుండెకంటె ఎత్తున దిండ్ల మీద పెట్టుకోవాలి. లేచింది అవసరాలకే. కట్టు తడవకూడదు. స్నానానికి పాదాన్ని ప్లాస్టిక్ సంచిలో కట్టి స్టూలు మీద కూర్చోవాలి. కట్టు వదులైందనిపిస్తే మనం విప్పి కట్టకూడదు, వేలిని నిలిపి ఉంచేది అదే. డాక్టరు చెప్పిన రోజునుంచి వేలిని పైకీ కిందికీ వంచే వ్యాయామం చేయాలి, లేకపోతే కీలు బిగుసుకుపోతుంది. ఆరోవారం ప్రాంతంలో ఎక్స్‌రే చూసి మామూలు చెప్పుకు మారుస్తారు. స్కూటరు నడిపేవారు అప్పటిదాకా ఆగాలి, సిగ్నలు దగ్గర కాలు ఆనించేది కూడా ఆ పాదంతోనే కదా.

ఆ ప్రత్యేకమైన చెప్పు సంగతి విడిగా చెప్పాలి. విదేశాల్లో రాసిన సలహా పత్రాల్లో ఇది ఉండదు. అక్కడ ఇంట్లో చెప్పులతో తిరిగేవారే ఎక్కువ. మనం గుమ్మం బయట విడుస్తాం. వంటింట్లోకీ దేవుడి గదిలోకీ అసలు రానివ్వం. ఈ చెప్పు అలంకారం కాదు, అడుగు వంగకుండా ఎముకను కాపాడే కట్టులో భాగం. విరిగిన చేతికి వేసిన సిమెంటు కట్టును దేవుడి గది ముందు విప్పుతామా? కొత్తది కొనగానే దాన్ని వీధిలోకి తొడగకుండా ఇంట్లోకి మాత్రమే అని పెట్టుకోండి, రోజూ అడుగు తడిగుడ్డతో తుడుచుకోండి. ఎవరికైనా మనసొప్పకపోతే ఆ ఆరువారాలూ దీపం ఇంకొకరు పెడతారు. నేల మీద బాసింపట్టు వేసుకోవడం, ముక్కాలిపీట మీదనుంచి లేవడం, గొంతుకు కూర్చునే మరుగుదొడ్డి - వీటన్నిటిలోనూ లేచేటప్పుడు బరువంతా వేళ్ల మీద పడుతుంది. కుర్చీలాంటి దొడ్డి లేని ఇళ్లలో ఆపరేషనుకు ముందే ఆ ఏర్పాటు చూసుకోవాలి.

మెట్టెల మాట. ఆపరేషనుకు ముందు తీయమంటారు. తీయకూడదని కొందరు పట్టుపడతారని విన్నాను. పాదం వాచినప్పుడు లోహపు చుట్టు రెండోవేలికి బిగిస్తే రక్తం ఆడదు, ఎక్స్‌రే తెరమీద అడ్డం కూడా. సబ్బునీళ్లతో తీయించి మీవారి చేతిలోనే పెట్టండి, భద్రంగా ఉంటాయి.

చక్కెర వ్యాధి ఉన్నవారు ముందుగా పాదంలో రక్తప్రసారం, స్పర్శ ఎలా ఉన్నాయో పరీక్ష చేయించుకోవాలి, చక్కెర అదుపులోకి రావాలి. పొగాకు ఎముకను అతుక్కోనివ్వదు. మనలో ఎవరు తాగుతారు అనకండి, ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే పెద్దవాళ్లు ఎందరో. యుక్తవయసు పిల్లలకైతే ఎముకల ఎదుగుదల పూర్తయ్యేదాకా సాధారణంగా ఆగమంటారు, ముందుగా చేస్తే మళ్లీ వంగే అవకాశం ఎక్కువ.

ఇబ్బందులు లేని ఆపరేషను లేదు. గాటు చిన్నదైనా వేలి పక్కన నరం దెబ్బతిని కొంతభాగం మొద్దుబారవచ్చు, చీము పట్టవచ్చు, ఎముక ఆలస్యంగా అతకవచ్చు, స్క్రూ తల చర్మానికి తగులుతూంటే తర్వాత తీయవలసి రావచ్చు, బరువు రెండోవేలి కిందికి మారి అక్కడ నొప్పి మొదలుకావచ్చు, కొన్నేళ్లకు వేలు మళ్లీ ఒరగవచ్చు. పిక్కలో వాపూ నొప్పీ, ఆయాసమూ వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకండి, రక్తం గడ్డకట్టిందేమోనని వెంటనే చూపించాలి. కీలు పూర్తిగా అరిగినవారికి ఈ పద్ధతి సరిపోదు, కీలును అతికించివేసే ఆపరేషను కావలసి వస్తుంది. అందుచేత చిన్న గాటే కావాలని మనం పట్టుపట్టకూడదు.

డాక్టరుగారిని ఇంకొక్క మాట అడగడానికి మొహమాటపడకండి - ఈ పద్ధతిలో తమరు ఎన్ని చేశారని. కంటికి కనబడని ఎముకను తెరమీద నీడ చూసి కోయడం చేతికి రావడానికి కొన్ని పదుల ఆపరేషన్లు పడుతుందని ఆ డాక్టర్లే తమ పత్రికల్లో రాసుకున్నారు. మంచి డాక్టరుకు ఈ ప్రశ్నకు కోపం రాదు. తెరిచి చేయడంలో ఆరితేరిన చేయి దొరికితే, చిన్న గాటులో కొత్తగా దిగిన చేయికంటె దాన్నే నేను ఎంచుకుంటాను.

రెండు కాళ్లకూ ఉంటే ఒకేసారి చేసేవారు ఉన్నారు. ఇంటిపనికి వేరే దిక్కులేని వారు ఒక్కొక్కటిగా చేయించుకోవడమే మేలు, ఆనడానికి ఒక కాలన్నా ఉంటుంది. నెల కూడా చూసి పెట్టుకోండి. శ్రావణం, సంక్రాంతి, పిల్లల పరీక్షలు, ఇంట్లో పెళ్లి, ఇవి ముందున్నప్పుడు వద్దు. పచ్చళ్ల కాలం అసలే వద్దు.

వాపు పూర్తిగా తీయడానికి ఆరునెలలు పట్టవచ్చు, కొందరికి ఏడాది. సాయంత్రాలు పాదం బరువుగా ఉంటే ఆపరేషను చెడిందని కంగారుపడనక్కర్లేదు. ఈలోగా కొత్తచెప్పులు కొనవద్దు, మెట్టెలు కొత్తకొలతకు చేయించవద్దు. వాపు తీశాక, సాయంత్రం పూట కాగితం మీద పాదాన్ని మళ్లీ ఒకసారి గీసుకుని, ఆ గీతను చెప్పుల షాపుకు పట్టుకెళ్లండి.